పికప్ బండికి తక్కువ ఖర్చులో సరైన షాక్ అబ్జార్బర్లు ఎంచుకోవడం ఎలా?

బొలెరో పికప్, టాటా ఏస్, ఇంట్రా, దోస్త్ వంటి చిన్న సరుకు బండ్ల మీద ఆధారపడి బతికేవారికి షాక్ అబ్జార్బర్లు మార్చే అవసరం తరచుగా సీజను మధ్యలోనే వచ్చిపడుతుంది. గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు (మిర్చి బస్తాలు) తోలే రోజుల్లోనో, నున్న మార్కెట్ నుంచి మామిడికాయ బయటి ఊళ్లకు వెళ్లే రోజుల్లోనో బండి వెనుక భాగం ఊగడం మొదలవుతుంది. కిరాయి పోతుందన్న తొందరలో యజమాని బండిని బెజవాడ ఆటోనగర్‌కు తీసుకెళ్లి, మొదట కనిపించిన దుకాణంలో చెప్పిన ధరకు ఒక జత బిగించుకొని వచ్చేస్తాడు. ఆ తొందరలో డబ్బు రెండు విధాలుగా వృథా అవుతుంది. అసలు లోపం షాక్‌లో కాకుండా బుష్‌లోనో (బోల్టు చుట్టూ ఉండే రబ్బరు), కమాన్ పట్టీలోనో (ఒకదానిమీద ఒకటి పేర్చిన స్ప్రింగు పట్టీలు) ఉండటం మొదటిది. బండికి సరిపోని పొడవున్న షాక్ కొనడం రెండోది. ఈ రెండింటినీ తప్పించుకున్నవారికి ఏ కంపెనీది కొనాలి, ఎంత పెట్టాలి అనే ప్రశ్న చాలా తేలికవుతుంది. అందుకే ధరల కంటే ముందు పరీక్షకూ కొలతకూ ఇక్కడ ఎక్కువ చోటిస్తున్నాను.

షాక్ బరువు మోయదు

కొనడానికి వెళ్లే ముందు ఈ ఒక్క విషయం స్పష్టంగా తెలిసి ఉండాలి. సరుకు బరువును మోసేది కమాన్ పట్టీలు, లేదా ముందు భాగంలో బండి రకాన్ని బట్టి ఉండే కాయిల్ స్ప్రింగ్ గాని టోర్షన్ బార్ (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీ) గాని. గుంతలో పడిన తర్వాత ఆ స్ప్రింగు పదేపదే పైకీ కిందికీ ఊగకుండా ఆపడమే షాక్ అబ్జార్బర్ పని. గొట్టంలోని పిస్టన్ కదిలినప్పుడు ఆయిల్ సన్నని వాల్వుల గుండా బలవంతంగా వెళుతుంది. ఆ ఒత్తిడికి ఊపులోని శక్తి వేడిగా మారి గొట్టం గోడ ద్వారా గాలిలోకి పోతుంది.

దీన్నిబట్టి, ‘ఈ షాక్ వేస్తే ఇంకో అర టన్ను ఎక్కువ వేసుకోవచ్చు’ అని కౌంటర్ దగ్గర ఎవరైనా చెబితే ఆ మాటను నమ్మనవసరం లేదు. బండి మొత్తం బరువు ఎంత ఉండవచ్చో ఆర్‌సీలో రాసి ఉంటుంది, ఆ హద్దు షాక్ మార్చినంత మాత్రాన మారదు. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ కింద అధిక బరువుకు 20,000 రూపాయల జరిమానా, ఆపైన అదనపు టన్నుకు 2,000 రూపాయల చొప్పున ఉంది. ఒక్కసారి పట్టుబడితే పోయే ఆ సొమ్ము, మంచి షాక్‌ల మీద మిగుల్చుకుందామని చూసే సొమ్ముకంటే చాలా ఎక్కువ.

మొదట లోపం ఎక్కడుందో తేల్చుకోండి

ఖాళీ బండిని చదునైన నేల మీద నిలిపి, చక్రాలకు అడ్డు చెక్కలు పెట్టి, కింద నుంచి నాలుగు షాక్‌లనూ చూడండి. సీల్ దగ్గర పలుచగా చెమట పట్టినట్టు తడి ఉండటం లోపం కాదు. రాడ్డు బయటికీ లోపలికీ ఆడేటప్పుడు కొద్దిపాటి ఆయిల్ పూత రావడం సహజం. కింది గొట్టం మీద ఆయిల్ ధారలుగా కారి, దానికి దుమ్ము ముద్దలా అంటుకొని ఉంటే ఆ షాక్ పని అయిపోయినట్టే. అయితే పై నుంచి కారిన గ్రీజో, వెనుక యాక్సిల్ ఆయిలో కూడా అలాగే కనిపిస్తుంది కనుక, బండిని కడిగించి, ఒకటి రెండు రోజులు తిప్పి, మళ్లీ చూసిన తర్వాతే నిర్ణయానికి రండి.

బండి చివర చేత్తో నొక్కి వదిలి చూసే పరీక్ష కార్లకు కొంత పనికొస్తుంది గాని, కమాన్ పట్టీలున్న సరుకు బండికి దాన్ని ఒక్కదాన్నే నమ్మడం మంచిది కాదు. పట్టీలు ఒకదానిమీద ఒకటి రాసుకున్నప్పుడు పుట్టే ఘర్షణే ఊపును కొంతవరకు ఆపుతుంది. షాక్ పూర్తిగా చచ్చిపోయినా నిలిపి ఉన్న బండి ఎక్కువగా ఊగదు. నెలల తరబడి చచ్చిన షాక్‌లతో నడుపుతూ కూడా డ్రైవరు గుర్తించకపోవడానికి కారణం ఇదే. గతుకుల రోడ్డు మీద బ్రేకు వేసినప్పుడు మాత్రం చక్రం నేలను వదిలి ఎగురుతుంది, పట్టు పోతుంది, బండి ఆగాల్సినచోట ఆగదు. ప్రమాదం అక్కడ ఉంది.

ఇంతకంటే నమ్మదగిన పరీక్షలు మూడున్నాయి. మొదటిది, నెమ్మదిగా ఒక స్పీడ్ బ్రేకర్ దాటించి వెనుక నుంచి మరొకరిని చూడమనండి. బండి ఒకసారి లేచి, ఒకసారి దిగి నిలకడకు రావాలి. రెండోసారి, మూడోసారి కూడా ఊగుతూ ఉంటే షాక్ బలహీనపడింది. రెండోది, పదిహేను ఇరవై కిలోమీటర్లు గతుకుల దారిలో నడిపిన వెంటనే, బాగా కాలి ఉండవచ్చు కనుక జాగ్రత్తగా, చేతి వెనుక వైపుతో ఎడమ కుడి షాక్‌లను తాకి పోల్చండి. పనిచేసిన షాక్ వేడెక్కుతుంది. ఒకటి వేడిగా, దాని జత చల్లగా ఉంటే చల్లగా ఉన్నది పనిచేయడం లేదని అర్థం. పైసా ఖర్చు లేని ఈ పరీక్షను ప్రతి డ్రైవరూ అలవాటు చేసుకోవాలని నా గట్టి కోరిక. మూడోది తిరుగులేనిది: కింది బోల్టు విప్పి షాక్‌ను చేత్తో లాగి నొక్కి చూడటం. రెండు వైపులా నిలకడగా అడ్డు తగలాలి. మధ్యలో ఎక్కడైనా ఖాళీగా జారిపోతే, లేక అసలు అడ్డే లేకపోతే మార్చక తప్పదు.

షాక్‌లు బాగానే ఉండి బండి ‘టకటక’మంటుంటే షాక్ కళ్లలోని (చివర్లలో బోల్టు దూరే రింగుల్లోని) రబ్బరు బుష్‌లు, పట్టీల చివర ఊగే షాకిల్ బుష్‌లు, యూ బోల్టులు, పట్టీల సెంటర్ బోల్టు చూడండి. కింది వరుసల్లో ఒక పట్టీ విరిగి ఉంటే బండి ఒక పక్కకు వాలుతుంది, దానికి షాక్ మందు కాదు. బుష్ విడిగా దొరికే మోడల్ అయితే కొద్దిపాటి ఖర్చుతోనే శబ్దం పోతుంది. టైరు మీద అరచేయి ఆడించినప్పుడు ఎగుడుదిగుడు మచ్చలు తగిలితే అది చచ్చిన షాక్ గుర్తు కావచ్చు. కానీ చక్రం బ్యాలెన్స్ లేకపోయినా, బేరింగ్ వదులైనా అలాంటి అరుగుదలే వస్తుంది కనుక వాటిని కూడా చూపించుకోండి.

కొలతలు తీసుకొని కాగితం మీద రాసుకోండి

ఇంత ముఖ్యమైన ఈ పనిని ఎక్కువ మంది వదిలేస్తారు. ఒకే పేరుతో అమ్ముడైన బండిలోనే చిన్న, పెద్ద వీల్‌బేస్‌లకూ (ముందు వెనుక చక్రాల మధ్య దూరం), మోసే బరువును బట్టి వచ్చే రకాలకూ, 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 పొగ ప్రమాణం వచ్చాక మారిన మోడళ్లకూ షాక్‌లు వేరుగా ఉండవచ్చు. అందువల్ల దుకాణంలో బండి పేరు, సంవత్సరం చెప్పి ఊరుకోకుండా, ఆర్‌సీలోని ఛాసిస్ నంబరుతో పార్ట్ నంబరు తీయించుకోవాలి. ఆ నంబరుకు సరిపడే ఇతర కంపెనీల షాక్ ఏదో వారి కేటలాగులో చూపించమని అడగవచ్చు.

కేటలాగు ఉన్నా టేపు పట్టుకోవడం మానకండి, ముఖ్యంగా మీ బండికి పట్టీలు అదనంగా వేయించి ఉంటే. బరువు కోసం ఒకటి రెండు పట్టీలు ఎక్కించుకోవడం మన ప్రాంతంలో మామూలే. దానివల్ల రెండు మార్పులు వస్తాయి: ఖాళీగా ఉన్నప్పుడు బండి ఎత్తు పెరిగి షాక్ ఎప్పుడూ సాగి ఉంటుంది, స్ప్రింగు గట్టిపడి, తిరిగి లేచేటప్పుడు విసురు పెరుగుతుంది, పాత షాక్ దాన్ని ఆపలేదు. పట్టీలు కలిపిన బండికి కంపెనీ కొలత షాక్ తెచ్చి వేస్తే కొద్ది నెలలకే పై కన్ను చిరగడం, లేదా రాడ్డు పీకుకుపోవడం జరుగుతుంది. నింద షాక్ మీద పడుతుంది, మళ్లీ ఇంకో జత కొంటారు.

కొలవవలసినవి ఇవి. పాత షాక్ పూర్తిగా సాగినప్పుడు ఒక కన్ను మధ్య నుంచి మరో కన్ను మధ్యకు ఎంత, పూర్తిగా కుదించినప్పుడు ఎంత. బండి ఖాళీగా చదును నేల మీద నిలిచినప్పుడు ఆ రెండు బోల్టుల మధ్య దూరం, మామూలు లోడుతో ఉన్నప్పుడు దూరం. బండి ఖాళీగా ఉన్నప్పుడు యాక్సిల్‌కూ, అది మరీ పైకి లేవకుండా ఆపే బంప్ స్టాప్ రబ్బరుకూ మధ్య ఖాళీ. వీటితోపాటు కన్ను లోపలి వ్యాసం, బుష్ వెడల్పు, బోల్టు మందం, గొట్టం బయటి వ్యాసం. పైభాగం కన్నులా కాకుండా నిలువు పిన్నులా ఉంటే పిన్ను పొడవు, దాని మరల (థ్రెడ్) సైజు కూడా రాసుకోవాలి.

ఈ అంకెలు ఎలా ఉపయోగపడతాయో ఊహించిన ఒక ఉదాహరణతో చూద్దాం. షాక్ సాగినప్పుడు 560, కుదించినప్పుడు 350 మిల్లీమీటర్లు ఉందనుకోండి. అంటే దాని ఆట (కదిలే దూరం) 210. ఖాళీ బండిలో బోల్టుల మధ్య దూరం 490, లోడుతో 420, బండి ఖాళీగా ఉన్నప్పుడు బంప్ స్టాప్ దగ్గర ఖాళీ 90. యాక్సిల్ లేచి రబ్బరును తాకేసరికి షాక్ పొడవు 400కు వస్తుంది, రబ్బరు నలిగినందుకు ఇంకో 30 తీసేస్తే 370. షాక్ 350 వరకు కుదించుకుంటుంది కనుక లోపల పిస్టన్ అడుక్కి కొట్టుకోదు. షాక్ ఏటవాలుగా ఉన్న బండ్లలో యాక్సిల్ కదిలినంత షాక్ కుదించుకోదు కాబట్టి ఈ లెక్క మరింత క్షేమం వైపే ఉంటుంది. ఇప్పుడు పట్టీ కలిపి వెనుక భాగం లేచి, బోల్టుల మధ్య దూరం 530 అయిందనుకోండి. గుంతలో చక్రం దిగడానికి మిగిలింది 30 మిల్లీమీటర్లే. ఆ మాత్రం దిగుడు మన రోడ్ల మీద ప్రతి ఫర్లాంగులోనూ వస్తుంది. అప్పుడు కావలసింది ఖరీదైన షాక్ కాదు, కొంచెం పొడవున్నది. లేదా ఆ అదనపు పట్టీ నిజంగా అవసరమా అని తిరిగి ఆలోచించడం. కిరాయిలు ఎక్కువగా తేలిక సరుకువే అయితే, పట్టీ తీసేయించడమే చవకైన మార్గమని నా అభిప్రాయం.

ఏ రకం తీసుకోవాలి

ఈ బండ్లకు దొరికేవి ప్రధానంగా జంట గొట్టాల షాక్‌లు: మామూలు ఆయిల్‌వి, ఆయిల్‌తోపాటు తక్కువ ఒత్తిడిలో నైట్రోజన్ గ్యాస్ నింపినవి. వేగంగా ఊగుతున్నప్పుడు ఆయిల్ రకంలో లోపలి గాలి ఆయిల్‌తో కలిసి, మజ్జిగ చిలికినట్టు నురుగు కడుతుంది. నురుగుకు అడ్డుపడే బలం ఉండదు కనుక షాక్ తాత్కాలికంగా పట్టు వదులుతుంది. గ్యాస్ ఒత్తిడి ఆ నురుగును తగ్గిస్తుంది. బెజవాడ ఎండల్లో చెన్నై వైపో విశాఖ వైపో జాతీయ రహదారి 16 మీద, లేదా హైదరాబాదుకు 65 మీద రోజూ దూరం వెళ్లే బండికి గ్యాస్ రకానికి పెట్టే అదనపు ఖర్చు సార్థకమే. గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్ నుంచి ఊళ్లోని దుకాణాలకు, మంగళగిరికి, కొండపల్లికి తిరిగే బండికి కంపెనీ కొలతతో ఉన్న మామూలు ఆయిల్ రకం చాలు. ఒకే గొట్టంతో ఎక్కువ ఒత్తిడి గ్యాస్ ఉండే మోనోట్యూబ్ షాక్‌లు వేడిని బాగా వదులుతాయి గాని ధర ఎక్కువ. పైగా రాయి తగిలి గొట్టం కొద్దిగా సొట్ట పడినా పిస్టన్ బిగుసుకుంటుంది. సరుకు బండికి వాటి అవసరం నాకు కనిపించదు.

బిరుసుగా ఉన్నదే మంచిదనుకోవద్దు. సరుకు దించి ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు గట్టి పట్టీల మీద బండి తోక ఎలాగూ ఎగురుతుంది; దానికి మరీ బిరుసు షాక్ తోడైతే చక్రం నేలను సరిగా పట్టుకోదు, బోల్టు బ్రాకెట్ల మీద దెబ్బ పడుతుంది. గొట్టం కాస్త లావుగా, లోపలి పిస్టన్ పెద్దగా ఉన్న షాక్ ఎక్కువ ఆయిల్ పట్టి తక్కువగా వేడెక్కుతుంది. అలాంటిది తీసుకుంటే టైరుకూ బ్రేకు గొట్టానికీ తగలకుండా చోటుందో లేదో చూసుకోండి.

మీ సరుకు కూడా లెక్కలోకి వస్తుంది. మిర్చి టిక్కీలు ఎత్తుగా పేర్చిన బండి మలుపుల్లో పక్కకు ఊగుతుంది కాబట్టి సాగేటప్పుడు గట్టిగా పట్టే షాక్ దానికి అవసరం. కైకలూరు వైపు నుంచి ఐసుతో చేపలు తెచ్చే బండికి పెద్ద శత్రువు తుప్పు. కింది కన్ను, బోల్టు, రాడ్డు తినేయబడతాయి, అందువల్ల రాడ్డు మీద దుమ్ము తొడుగు, గొట్టం మీద మంచి పెయింటు ఉన్నది చూసుకోవాలి.

ఎక్కడ, ఎలా కొనాలి

బండి కంపెనీ పెట్టెలో వచ్చే జెన్యూన్ భాగం అన్నిటికంటే ఖరీదు. అదే బండి కంపెనీలకు షాక్‌లు సరఫరా చేసే తయారీదారులు తమ సొంత పెట్టెలో కూడా వాటిని అమ్ముతారు. 1961 నుంచి ఉన్న గేబ్రియల్ ఇండియా అటువంటిది. టెనెకో కంపెనీ బ్రాండైన మన్రో కూడా తెలిసిన పేరే. మీ పార్ట్ నంబరుకు సరిపడేది అలాంటి తయారీదారు సొంత పెట్టెలో దొరికితే, తక్కువ ఖర్చు కోరేవారికి అదే అన్నిటికంటే మంచి దారి. ఊరూ పేరూ లేని చవక పెట్టెను తీసుకునే ముందు ఈ లెక్క వేయండి. అంకెలు కేవలం ఉదాహరణకు: 2,400 రూపాయల జత ఏడాది, 3,600 రూపాయల జత రెండేళ్లు వస్తాయనుకుంటే, బిగింపు కూలి 500 చొప్పున మొదటిదానికి రెండేళ్లలో 5,800, రెండోదానికి 4,100 అవుతుంది. దీనికి షెడ్డులో బండి నిలిచిన ఇంకో రోజు కిరాయి కూడా కలుపుకోండి.

గొట్టం కోసి, ఆయిల్ నింపి, మళ్లీ వెల్డింగ్ చేసిన రీకండిషన్ షాక్‌ను కొనవద్దని గట్టిగా చెబుతున్నాను. అందులో వాల్వు అరుగుదల అలాగే ఉంటుంది, సీల్ వేడికి దెబ్బతింటుంది. గ్యాస్ రకాన్ని వేడిచేయడం పక్కనున్న మనిషికే ప్రమాదం. పాత బండ్ల నుంచి తీసిన షాక్‌లు కూడా నమ్మదగినవి కావు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదలో మునిగినట్టు నీళ్లలో నానిన బండి షాక్‌లకు రాడ్డు మీద తుప్పు గుంటలు పడతాయి, ఆ గుంటలు కొత్త సీల్‌నైనా కోసేస్తాయి.

ఆటోనగర్‌లో రెండు మూడు దుకాణాల్లో అదే పార్ట్ నంబరుకు ధర అడగడం కష్టమైన పని కాదు. దుకాణాలు పక్కపక్కనే ఉంటాయి. పెట్టె మీద ముద్రించిన ఎంఆర్‌పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి కనుక, దానిపైన మళ్లీ జీఎస్టీ అడిగితే ఇవ్వనక్కరలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి వాహన విడిభాగాల మీద జీఎస్టీ ఏకరీతిగా 18 శాతం. అంతకుముందు వాటిలో చాలావాటి మీద 28 శాతం ఉండేది. పాత ధర ముద్రించిన పెట్టె ఇస్తే, కొత్త పన్ను ప్రకారం ఎంతవుతుందో అడగండి. పార్ట్ నంబరు, తేదీ, బండి నంబరు రాసిన బిల్లు తీసుకోకుండా వారంటీ మాటకు విలువ లేదు.

డబ్బు ఇచ్చే ముందు పెట్టె తెరిపించి చూడండి. రాడ్డు మీద గోరు గీసినా తగలని నునుపు ఉండాలి. కళ్ల వెల్డింగ్ అంతటా ఒకేలా ఉండాలి. పెట్టె మీది నంబరు, గొట్టం మీద ముద్రించిన నంబరు ఒకటే కావాలి. షాక్‌ను నిలువుగా పట్టుకొని కొన్నిసార్లు పూర్తిగా లాగి నొక్కిన తర్వాత, నొక్కేటప్పటికంటే లాగేటప్పుడు గట్టిగా ఉండాలి. జతలోని రెండూ ఒకేలా అనిపించాలి. గ్యాస్ రకం వదిలితే నెమ్మదిగా తనంతట తాను సాగుతుంది.

ప్రమాదంలో దాదాపు కొత్తదైన ఒక్కటే దెబ్బతింటే తప్ప, ఒక యాక్సిల్‌కు రెండూ కలిపే మార్చాలి. నాలుగూ బలహీనపడి, చేతిలో డబ్బు ఒక జతకే ఉంటే ముందు చక్రాల జతతో మొదలుపెట్టండి; స్టీరింగూ, బ్రేకు వేసినప్పుడు పడే భారమూ అక్కడే ఉంటాయి.

బిగించేటప్పుడు దగ్గర నిలబడండి

ముందు రోజు సాయంత్రమే తుప్పు పట్టిన బోల్టులకు తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఉంచితే, మరుసటి రోజు గ్యాస్ కట్టర్ అవసరం రాకపోవచ్చు. బండి కింద జాకీ ఒక్కటే చాలదు, స్టాండ్లు తప్పనిసరి. జంట గొట్టాల షాక్ దుకాణంలో అడ్డంగా పడుకొని ఉంటుంది కాబట్టి గాలి తప్పుచోట చేరి ఉంటుంది. బిగించే ముందు నిలువుగా పట్టి నాలుగైదుసార్లు లాగి నొక్కి ఆ గాలిని తప్పించాలి. కొత్త షాక్ రాడ్డును ప్లయర్‌తో పట్టి తిప్పే మేస్త్రిని మర్యాదగానే ఆపండి, ఆ గీతతో సీల్ పోతుంది.

కళ్ల బోల్టులను ముందు వదులుగా ఎక్కించి, చక్రాలు నేల మీద ఆని బండి తన బరువు మీద నిలిచాకే పూర్తిగా బిగించాలి. యాక్సిల్ వేలాడుతుండగా బిగిస్తే, దించిన క్షణం నుంచి బుష్ రబ్బరు మెలితిరిగి ఉండి త్వరగా చిరుగుతుంది. పిన్ను రకంలో రబ్బరు వాషరు అంచుకు సమానంగా ఉబ్బేవరకు బిగిస్తే చాలు.

షాక్ మాత్రమే మార్చినప్పుడు చక్రాల కోణాలు మారవు కనుక, టైరు అరుగుదలలో తేడా లేనంతవరకు వీల్ అలైన్‌మెంట్‌కు డబ్బు పెట్టనక్కరలేదు. షాకూ స్ప్రింగూ కలిసిన స్ట్రట్ మార్చినప్పుడు మాత్రం అది అవసరం. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్ల తర్వాత బోల్టులను మళ్లీ పానాతో పట్టి చూసి, సీల్ దగ్గర తడి ఉందేమో, గొట్టం ఎక్కడైనా రాసుకుంటోందేమో గమనించండి. కొలతలు రాసిన కాగితాన్నీ బిల్లునూ ఆర్‌సీ కవరులోనే ఉంచండి.